రెండు రోజులు ఉండి వెళ్లే గెస్టులకు ఇంటి వివరాలు, నియమాలు ఎలా రాసి పెట్టాలి?

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగుతుంది. "సారీ అండీ, నిద్ర లేపినట్టున్నాం. బాత్‌రూమ్‌లో వేడినీళ్లు రావడం లేదు." గీజర్ స్విచ్ బాత్‌రూమ్ బయట గోడకి ఉంది. తలుపు బార్లా తెరిస్తే దాని వెనక్కి వెళ్లిపోతుంది, ఎంత వెతికినా కనిపించదు. మీరు రోజూ చూసే స్విచ్ కాబట్టి దాని గురించి చెప్పాలన్న ఆలోచనే మీకు రాదు. వాళ్లు మాత్రం రోజంతా ప్రయాణం చేసి వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని గోడలు తడుముతూ నిలబడ్డారు.

ఇంటిని రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాంటివే. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో పద్నాలుగు పేజీల పుస్తకం తయారుచేసి హాల్లో టేబుల్ మీద పెట్టాను. అందులో లేని విషయం లేదు. గీజర్ సంగతి తొమ్మిదో పేజీలో ఉంది. కానీ స్నానానికి వెళ్లిన మనిషి వెనక్కి వచ్చి తొమ్మిదో పేజీ తిరగేయడు కదా. అదే మాటని చిన్న కాగితం మీద రాసి బాత్‌రూమ్ తలుపుకి అంటించిన రోజు నుంచి ఆ ఫోన్ ఆగిపోయింది. ఎంత రాశామన్నది కాదు, ఎక్కడ పెట్టాం, ఎప్పుడు చెప్పాం అన్నదే ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది. కింద ఉన్నదంతా ఆ లెక్కన చేసుకునే పనే.

1. ముందు మీ ఇంట్లో మీరే ఒక రాత్రి గెస్టుగా ఉండండి

పెన్ను పట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. చీకటి పడ్డాక, చేతిలో బరువైన సూట్‌కేసుతో, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వీధి మొదటి నుంచి నడిచి రండి. మ్యాప్ మిమ్మల్ని సరిగ్గా మీ గేటు దగ్గరే ఆపిందా, వెనక వీధిలో ఆపిందా? ఇంటి నంబరు రాత్రిపూట కనిపిస్తోందా? తాళం తీయడానికి ఫోన్ టార్చి వేయాల్సి వచ్చిందా? లోపలికి అడుగుపెట్టగానే లైటు కోసం చెయ్యి ఏ గోడ మీదకి వెళ్లింది, అక్కడ స్విచ్ ఉందా? తడుముకున్న ప్రతి చోటునీ రాసుకోండి.

ఆ రాత్రి అక్కడే పడుకోండి. మంచం పక్కన చార్జర్ పెట్టుకునే ప్లగ్ ఉందా, ఫ్యాన్ స్విచ్ ఏది, నడిరాత్రి మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, పొద్దున్నే ఎండ నేరుగా కళ్లలో పడుతుందా అన్నవి పగలు పది నిమిషాలు చూసి వెళ్తే తెలియవు.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. మీ ఇంటికి ఎప్పుడూ రాని స్నేహితులెవరికైనా తాళంచెవి ఇచ్చి, ఒక రాత్రి ఉండమనండి. మీకు ఫోన్ చేయాలనిపించిన ప్రతిసారీ, చేయకుండా ఆ ప్రశ్నని ఒక కాగితం మీద రాయమనండి. ఉదయానికి చేతికొచ్చే ఆ కాగితం చూస్తే ఏమేం రాయాలో తెలిసిపోతుంది. మన ఇల్లు మనకి మరీ బాగా తెలిసిపోవడం వల్ల, సొంతంగా కూర్చుని రాస్తే సగం ప్రశ్నలు తట్టవు.

2. వివరాలు వేరు, నియమాలు వేరు

"వై-ఫై పాస్‌వర్డ్ ఇది. సిగరెట్లు తాగరాదు. గీజర్ స్విచ్ బయట ఉంది. గట్టిగా మాట్లాడరాదు." ఇలా కలగాపులగంగా రాస్తే ఇల్లంతా ఆంక్షల్లా కనిపిస్తుంది. సాయం చేయడానికి చెప్పిన మాట కూడా మందలింపులా వినిపిస్తుంది. అందుకని రెండు వేరు కాగితాలు పెట్టుకోండి. ఇంట్లో ఏది ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో ఒకదాంట్లో. ఏం చేయొద్దో ఇంకోదాంట్లో. రెండోది ఒక్క పేజీ దాటకూడదు.

3. ఏ మాట ఎప్పుడు చెప్పాలి

బుకింగ్‌కి ముందే చెప్పాల్సినవి కొన్నుంటాయి. గెస్టు నిర్ణయాన్ని మార్చగలిగే ప్రతి విషయమూ ఈ కోవలోకే వస్తుంది: ఎన్ని మెట్లెక్కాలి, లిఫ్ట్ ఉందా, కారు పెట్టుకునే చోటుందా, ఎంతమంది ఉండొచ్చు, పిల్లలకి ప్రమాదమైన చోట్లున్నాయా, పెంపుడు జంతువుల్ని తీసుకురావచ్చా, ఏ సమయానికి రావాలి, ఏ సమయానికి ఖాళీ చేయాలి, కెమెరా ఎక్కడైనా ఉందా. పక్క స్థలంలో బిల్డింగ్ పని జరుగుతుంటే అదీ చెప్పండి. ఇవి దాచిపెడితే ఒక బుకింగ్ మిగలొచ్చు కానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మూడో అంతస్తు మెట్ల ముందు నిలబడ్డాక చెప్పడానికి మీ దగ్గర మాట ఉండదు.

ప్రయాణానికి ముందు రోజు పంపే మెసేజ్‌లో నాలుగే ఉండాలి: దారి, తలుపు తెరిచే పద్ధతి, వై-ఫై, మీ ఫోన్ నంబరు. వాషింగ్ మెషీన్ గురించి అప్పుడు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. మిగతావి ఇంట్లో ఉండాలి. ఖాళీ చేసేటప్పటి పనులు మాత్రం వెళ్లే ముందు రోజు సాయంత్రం విడిగా గుర్తుచేయండి.

తలుపు కోడ్‌ని లిస్టింగ్‌లోనో, అంటే బుకింగ్ సైట్‌లో మీ ఇంటి గురించి అందరికీ కనిపించే పేజీలోనో, ఇంట్లో పెట్టే ఫైల్లోనో రాయకండి. పేజీని ఫోటో తీసుకోవడానికి క్షణం చాలు. నంబర్ల తాళమైతే ప్రతి గెస్టుకీ కొత్త కోడ్ పెట్టండి. వాళ్ల ఫోన్ నంబరులోని చివరి నాలుగు అంకెలు పెడితే వాళ్లు మర్చిపోరు, మీరూ వెతుక్కోనక్కర్లేదు.

4. దారి, తలుపు

గెస్టుకి మీ మీద నమ్మకం కుదిరేది, కుదరకపోయేది ఈ మొదటి పది నిమిషాల్లోనే. అందుకే నేను అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెడతాను.

అడ్రస్‌తో పాటు మ్యాప్ లింక్ పంపండి. ఆ లింక్‌ని మీ ఫోన్‌లో కాకుండా వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. తర్వాత వీధి మలుపు, గేటు, తలుపు, తాళం, ఈ నాలుగింటికీ నడిచొచ్చే వరుసలోనే ఫోటోలు తీయండి. రాత్రి చేరుకునేవాళ్ల కోసం అవే ఫోటోలు చీకట్లో మరోసారి తీయండి. పగటి ఫోటోలో కొట్టొచ్చినట్టు కనిపించే నీలం గేటు రాత్రి నల్లగా ఉంటుంది. గుర్తులు చెప్పేటప్పుడు కదలనివే చెప్పండి. "తెల్ల కారు ఆగి ఉన్న ఇల్లు" అంటే, ఆ కారు సాయంత్రం బయటికి వెళ్లిపోతుంది.

ఇక తాళం. మా ఇంటి తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది. తాళంచెవి దూరుతుంది కానీ తిరగదు. ఒక గెస్టు బలంగా తిప్పితే చెవి సగానికి విరిగి ముక్క లోపలే ఉండిపోయింది. తాళాలు బాగుచేసే మనిషి వచ్చేదాకా వాళ్లు గంటన్నర మెట్ల మీదే కూర్చున్నారు. ఇప్పుడు నేను పంపే మెసేజ్‌లో ఇలా ఉంటుంది: "తాళంచెవి పూర్తిగా లోపలికి పెట్టండి. ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని తలుపుని మీ వైపు కొంచెం లాగండి. అలా లాగి పట్టుకునే చెవిని కుడివైపు రెండుసార్లు తిప్పండి. బలం పెట్టకండి, తిరగకపోతే తలుపుని ఇంకాస్త లాగండి." దీంతో పాటు అర నిమిషం వీడియో కూడా పంపుతాను. ఆ తర్వాత ఒక్క చెవి విరగలేదు.

ఇలా మొరాయించే వస్తువు ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి. వాటిని బాగుచేయించగలిగితే అన్నిటికంటే మేలు. కుదరనప్పుడు చెయ్యి ఎటు పెట్టాలో, ఎంత లాగాలో అంత వివరంగా రాయండి.

కోడ్ పనిచేయకపోతే, బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పాలి. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది, మీరు ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలి అన్నవి అదే మెసేజ్ చివర రెండు లైన్లలో పెట్టేయండి.

5. ఏ వస్తువు మాట ఆ వస్తువు దగ్గరే

ఫైలు ఒకటి పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడకండి. చేతి వేలంత లేబుల్ ఒకటి స్విచ్ పక్కన ఉంటే పేజీడు వివరణ కంటే ఎక్కువ పనిచేస్తుంది.

గీజర్ దగ్గర: "స్నానానికి పదిహేను నిమిషాల ముందు వేయండి. ఎర్రలైటు ఆరితే నీళ్లు కాగినట్టు." మీ గీజర్ ఎన్ని నిమిషాలు తీసుకుంటుందో గడియారం పెట్టి చూసి, ఆ అంకే రాయండి. ఎంతమందికి సరిపోతాయో కూడా చెప్తే నలుగురి కుటుంబం ఒకరి తర్వాత ఒకరు ఎంత విరామంతో వెళ్లాలో చూసుకుంటారు.

ఇండక్షన్ స్టవ్ ఉంటే, అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయని రాసి, అలాంటి గిన్నెలు ఒకే అలమరలో పెట్టండి. స్టవ్ మీద చైల్డ్ లాక్ బటన్ ఏదో చూపించండి. అది పొరపాటున నొక్కుకుపోయి, స్టవ్ పాడైందనుకోవడం తరచూ జరిగేదే. వాషింగ్ మెషీన్ ఆగాక తలుపు వెంటనే తెరుచుకోదు, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి అన్న ఒక్క ముక్క చెప్తే ఎవరూ దాన్ని గుంజరు.

వై-ఫైకి క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి ఫ్రేమ్‌లో పెడితే టైప్ చేసే బాధ ఉండదు. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆ ప్రింట్ కూడా మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు. కోడ్ కింద పాస్‌వర్డ్‌ని పెద్ద అక్షరాల్లో రాసి ఉంచండి, ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి అదే దిక్కు. సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా తెలియని పాస్‌వర్డ్ అసలు పెట్టకండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకునే వీలుంటే అదే ఇవ్వండి, మీ సొంత పరికరాలు వేరుగా ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉన్నా గోడలు దాటే శక్తి తక్కువ. వెనక గదిలో నెట్ రాకపోతే 2.4 గిగాహెర్ట్జ్ పేరున్నదానికి కనెక్ట్ అవ్వమని రాయండి.

కరెంటు పోతే చూడాల్సిన బోర్డు ఎక్కడుందో ఫోటోతో చూపించండి. అందులోని ఎంసీబీల (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే మీటల) కింద ఏది ఏ గదిదో చిన్న చీటీలు అంటించండి. "కిందికి పడి ఉన్న మీటని ఒకసారి పైకి ఎత్తండి. మళ్లీ పడిపోతే ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి" అని రాస్తే చాలు. నీళ్ల మెయిన్ వాల్వ్ విషయంలోనూ ఇంతే. పైపు పగిలిన రోజు దాన్ని కట్టేయడం గెస్టుకి తెలిస్తే మీ నేల, కింది ఇంటివాళ్ల సీలింగు రెండూ నిలుస్తాయి.

టీవీ రిమోట్, చెత్త ఏ రోజు ఎక్కడ పెట్టాలి, అదనపు దుప్పట్లు ఎక్కడున్నాయి, ఇలాంటివి ఒక్కో వాక్యంలో తేల్చేయండి.

6. ప్రమాదం వేళ చదివే కాగితం

ఇది ఫైల్లో కాకుండా తలుపు లోపలివైపు, కళ్ల ఎత్తులో ఉండాలి. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఇంటి పూర్తి అడ్రస్ రాయండి. కొత్త ఊళ్లో ఉన్న మనిషి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది అదే, కంగారులో ఉన్న గెస్టుకి నోట రానిదీ అదే. దాని కింద మీ దగ్గర పనిచేసే ఎమర్జెన్సీ నంబరు రాయండి. వేరే దేశం నుంచి వచ్చినవాళ్లకి తమ దేశపు నంబరే గుర్తొస్తుంది. తర్వాత దగ్గర్లోని ఆసుపత్రి, మీ నంబరు, మీరు దొరక్కపోతే చేయాల్సిన ఇంకో నంబరు.

వంటగ్యాస్ సిలిండర్ ఉంటే: "వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులు కిటికీలు తెరవండి, స్విచ్‌లు వేయొద్దు, తీయొద్దు, బయటికి వచ్చి ఫోన్ చేయండి." ఎల్పీజీ గాలి కంటే బరువైనది, నేల మీదే పేరుకుంటుంది. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, స్టవ్ ఆపి మూత పెట్టాలని స్టవ్ దగ్గరే రాయండి. మంటలార్పే సిలిండర్ ఉంటే వాడే పద్ధతి దాని పక్కనే ఉండాలి: పిన్ను లాగాలి, గొట్టాన్ని మంట మొదలు వైపు పెట్టాలి, మీట నొక్కాలి, అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి.

మంట సరిగ్గా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ గీజర్‌లాంటి మంట మండే పరికరం ఏదైనా ఇంట్లో ఉంటే ఈ వాయువుని పసిగట్టే అలారం పెట్టండి, అది మోగితే వెంటనే అందరూ బయటికి వచ్చేయాలని రాయండి. ఒక గెస్టు వెళ్లి మరొకరు వచ్చేలోపు పొగ అలారం బటన్ నొక్కి చూడండి. కీచుమంటోందని బ్యాటరీ తీసి పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. ఈ ఒక్క విషయంలో బద్ధకం వద్దండీ.

7. నియమాలు: తక్కువ రాయండి, కారణం చెప్పండి

ముప్పై నియమాలు రాస్తే మూడో నియమం దగ్గరే చదవడం ఆపేస్తారు. తప్పితే నిజంగా నష్టం జరిగేవి ఏవో ఏరండి. పక్కింటివాళ్లకి ఇబ్బంది, ప్రమాదం, బాగుచేయలేని నష్టం, ఈ మూడింటిలో ఏదీ లేని నియమం తీసేయండి. "సోఫా దిండ్లు ఎక్కడివక్కడే ఉంచాలి" లాంటివి మీ ఇష్టాలు. అవి వచ్చే గెస్టుకి అప్పజెప్పేలోపు మీరే సర్దుకోవచ్చు.

మిగిలిన ప్రతి నియమానికీ కారణం జోడించండి. "రాత్రి 10 తర్వాత శబ్దం నిషేధం" అన్నదాన్ని ఇలా మార్చి చూడండి: "రాత్రి 10 తర్వాత బాల్కనీలో కూర్చోవద్దండీ. పక్కింటి పడకగది కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంది, మామూలుగా మాట్లాడినా వాళ్లకి వినిపిస్తుంది. లోపల హాల్లో ఎంతసేపైనా కూర్చోవచ్చు." సమయం ఉంది, చోటు ఉంది, ఎందుకో ఉంది, బదులుగా ఏం చేయొచ్చో కూడా ఉంది. చదివినవాళ్లకి ఆ కిటికీ కనిపిస్తుంది, గొంతు దానంతట అదే తగ్గుతుంది.

కొలవలేని మాటలు నియమాలు కావు. "ఇంటిని శుభ్రంగా ఉంచాలి" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. "వాడిన గిన్నెలు కడిగి పెట్టండి" అంటే అందరికీ ఒకటే. "ఎక్కువమందిని తీసుకురావద్దు" అనకుండా "బుకింగ్‌లో ఉన్న నలుగురే రాత్రి ఉండాలి, పగలు చూడటానికి వచ్చేవాళ్లు ఇద్దరు దాకా పర్లేదు" అనండి. పార్టీల విషయం మొహమాటం లేకుండా రాయండి. ఇళ్లని రోజుల లెక్కన బుక్ చేసుకునే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ, 2020 ఆగస్టులో తాత్కాలికంగా పెట్టిన పార్టీల నిషేధాన్ని 2022 జూన్‌లో శాశ్వతం చేసింది. అక్కడ ఇల్లు పెట్టినవాళ్లు ఆ మాట గుర్తుచేయొచ్చు.

సిగరెట్ వద్దనేటప్పుడు ఎక్కడ తాగొచ్చో చెప్పి, అక్కడ ఒక యాష్‌ట్రే పెట్టండి. చోటు చూపించకపోతే తాగేవాళ్లు మానేయరు, బాత్‌రూమ్ కిటికీ దగ్గర తాగుతారు.

ఏదైనా తప్పితే డబ్బు వసూలు చేసేట్టయితే, ఎంత అన్నది బుకింగ్‌కి ముందే కనిపించాలి. ఇంట్లో దిగాక కనబడిన చార్జీ ఎవరికైనా మోసంలా అనిపిస్తుంది. దాంతో పాటు ఈ వాక్యం కూడా రాయండి: "ఏదైనా పగిలితే కంగారు పడకండి, వెంటనే చెప్పండి చాలు." నేను ఇది చేర్చాకే పగిలిన గ్లాసు సంగతి గెస్టులు వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలైంది. అంతకుముందు ముక్కలు మంచం కింద దొరికేవి, తర్వాత వచ్చే పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయేమోనని నాకు ఎప్పుడూ టెన్షన్.

ఎర్ర ఇంకు, వరసగా మూడు ఆశ్చర్యార్థకాలు, "హెచ్చరిక" అనే బోర్డులు వద్దు. వేరే భాషవాళ్లు వస్తుంటే వాక్యాలు పొట్టిగా రాయండి, ఫోన్‌లో అనువాదం పెట్టుకున్నా అర్థం చెడదు. ప్రమాదానికి సంబంధించిన కాగితాన్ని మాత్రం ఆ భాష వచ్చిన మనిషి చేత చదివించండి.

8. కెమెరాలు

ఇంటి లోపల కెమెరా వద్దు. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాల్ని పూర్తిగా నిషేధించింది, హాల్లో ఉన్నా, ఆపేసి ఉన్నా కుదరదు. బయట గేటు దగ్గరో, పార్కింగ్‌లోనో ఉంటే ఎక్కడుందో, ఎటు చూస్తుందో లిస్టింగ్‌లో చెప్పాలి. శబ్దం స్థాయిని మాత్రమే కొలిచే పరికరం పెడితే అదీ చెప్పండి, అది మాటలు రికార్డు చేయదని కూడా చెప్పండి. వేరే దారుల్లో బుకింగ్‌లు తీసుకునేవాళ్లూ ఇదే పద్ధతి పాటించడం మంచిది.

9. ఖాళీ చేసే రోజు

వెళ్లే ముందు సాయంత్రం పంపే మెసేజ్‌లో ఐదుకి మించి పనులు ఉండకూడదు. సమయం, తాళంచెవి ఎక్కడ పెట్టాలి, చెత్త, గిన్నెలు, చివరగా గ్యాస్‌తో పాటు ఏసీ, లైట్లు ఆపడం. శుభ్రం చేయడానికి డబ్బు తీసుకుని, దుప్పట్లు ఉతికి నేల తుడిచి వెళ్లమనడం న్యాయం కాదు. వాడిన తువ్వాళ్లు ఒక చోట కుప్పగా వేయమంటే సరిపోతుంది. "చార్జర్లు, బాత్‌రూమ్ తలుపు వెనక తగిలించిన బట్టలు ఒకసారి చూసుకోండి" అన్న మాట చేర్చండి. మర్చిపోయేవి ఎప్పుడూ అవే.

10. ఎవరైనా నియమం తప్పితే

మొదటి మెసేజ్ ఎప్పుడూ తెలియక చేశారనుకునే రాయండి: "బాల్కనీ మాటలు పక్కింటికి వినిపిస్తున్నాయట, కొంచెం లోపలికి వెళ్లి కూర్చుంటారా?" చాలాసార్లు అంతటితో అయిపోతుంది. బుకింగ్ జరిగిన యాప్‌లోనే ఈ మాటలు సాగాలి, తర్వాత గొడవైతే ఏం చెప్పారన్నది అక్కడే ఉంటుంది. రెండోసారి కూడా అదే జరిగితే ఫోన్ చేయండి, నియమాల పేజీలో ఏం రాసి ఉందో గుర్తుచేయండి.

11. కాగితాల్ని పాతబడనివ్వకండి

ప్రతి పేజీ కింద ఆఖరిసారి మార్చిన తేదీ వేయండి. గెస్టులు అడిగిన ప్రతి ప్రశ్ననీ ఫోన్‌లో ఒక నోట్‌లో రాసుకుంటూ పోండి. ఒకే ప్రశ్న రెండోసారి వచ్చిందంటే ఆ వారంలోనే లేబుల్ మారాలి, లేదా లేబుల్ చోటు మారాలి. కొత్త స్టవ్, కొత్త రిమోట్, కొత్త రూటర్ కొన్న రోజే పాత చీటీ పీకేయండి. నెలకోసారి ఒక సాయంత్రం కేటాయించి, ఫైలు చేత్తో పట్టుకుని గేటు దగ్గర మొదలుపెట్టి, అందులో రాసింది రాసినట్టు చేస్తూ ఇల్లంతా తిరగండి.